బారసాల నుంచి అరిసెల దాకా: పాపాయి మొదటి ఏడాదికి ఏం కొనాలి, ఏం మానాలి

"అక్కా, నీ లిస్టు ఒకసారి పంపవా?" ఏడో నెల దాటగానే మా ఇళ్లలో ప్రతి చెల్లెలూ, ప్రతి మరదలూ నాకు పెట్టే మెసేజ్ ఇదే. నా దగ్గర లిస్టు ఉండేది, నిజమే. పెద్దాడి పురిటికి ముందు కూర్చుని రాశాను, అరవై రెండు వస్తువులు. ఏడాది తిరిగేసరికి వాటిలో నిజంగా అరిగినవి ఇరవై కూడా లేవు. పాలసీసా వేడిచేసే యంత్రాన్ని ఒక్కసారి ప్లగ్గులో పెట్టాం, అదీ పనిచేస్తుందో లేదో చూడటానికి. చిన్నదాని పురిటికి ఆ కాగితం చించేసి, వస్తువుల వరసన కాకుండా ఇంట్లో జరిగే ముచ్చట్ల వరసన రాసుకున్నాను. బారసాల, బోర్లా పడితే బొబ్బట్లు, అన్నప్రాసన, అడుగులేస్తే అరిసెలు. బిడ్డకు కొత్త వస్తువు అవసరం పడేది సరిగ్గా ఈ మలుపుల్లోనే. విడివిడిగా చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి, అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

పద్ధతి ఒక్కటే: కాన్పుకు ముందు, మొదటి పదిహేను రోజులకు సరిపోయేవే కొనండి. తరవాతి మలుపు వచ్చేదాకా దానికి సంబంధించినది ఏదీ ముట్టుకోవద్దు. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అని అమ్మమ్మలు ఎగతాళి చేస్తారు కదా, ఈ విషయంలో నాది వాళ్ల పక్షమే. కాకపోతే నా కారణం దిష్టి కాదు. బిడ్డ రెండున్నర కిలోలతో పుడుతుందో మూడున్నరతో పుడుతుందో తెలియదు, మీకు పాలు ఎలా పడతాయో తెలియదు, పుట్టేది ఎండాకాలంలోనా ముసురులోనా అన్నదాన్ని బట్టి బట్టలు మారిపోతాయి.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- ముందు వైపు ముడులు వేసే నూలు జుబ్బాలు 6. తల మీంచి తొడిగేవి మొదటి నెలలో వద్దు. మెడ నిలవని పిల్లకు అవి తొడగడం మనకూ దానికీ హింసే.
- పొత్తిగుడ్డలు 4. పాత మెత్తటి నూలు చీరలవైతే మరీ మంచిది.
- లంగోటీ గుడ్డలు 25 నుంచి 30 దాకా. దానితోపాటు అతిచిన్న సైజు డైపర్లు ఒకే ఒక్క చిన్న ప్యాకెట్.
- పలచటి బొంతలు 3, నీళ్లు దిగని రబ్బరు షీట్లు 2.
- గొడుగులా మడిచే దోమతెర 1.
- డిజిటల్ థర్మామీటరు, పిల్లల గోళ్ల కత్తెర, దూది.
- స్టీలుదో వెండిదో ఉగ్గుగిన్నె 1.
- మెత్తటి తువ్వాళ్లు 3, టోపీ 1, మేజోళ్లు 2 జతలు.
- కారులో తిరిగే ఇల్లయితే కారు సీటు.

కొత్తగా కొనాల్సినవి ఇందులో సగమే. మిగతావి మీ బీరువాలోనో, అత్తగారి బీరువాలోనో ఉంటాయి.

1. కొనే ముందు అడగండి

మొదట ఆసుపత్రిలో అడగండి. ప్రభుత్వాసుపత్రిలో కాన్పయితే కొన్ని వస్తువులు అక్కడే ఇచ్చే అవకాశం ఉంది. తెలంగాణలో 2017లో మొదలైన కేసీఆర్ కిట్‌లో సబ్బులు, నూనె, బట్టలు, తువ్వాళ్లు, దోమతెర ఉన్న చిన్న పరుపు వంటివి ఇచ్చేవారు. మీ ఊళ్లో ఇప్పుడు ఏం ఇస్తున్నారో ఆశా కార్యకర్తకు తెలుస్తుంది.

తరవాత, గడిచిన రెండేళ్లలో పిల్లలు పుట్టిన బంధువుల్ని అడగండి. ఒకసారి కట్టి ఉతికిన పాత బట్టలు కొత్తవాటికన్నా మెత్తగా ఉంటాయి. బట్టలు, బొంతలు, దోమతెర, టబ్బు ఎవరిచ్చినా మొహమాటం లేకుండా తీసుకోండి. పాలసీసా పీకలు మాత్రం వద్దు. పాత కారు సీటు ఎప్పుడు తీసుకోవచ్చో ప్రయాణం దగ్గర చెప్తాను.

బారసాలకు వచ్చేవాళ్లు "ఏం తేవాలి?" అంటే "ఏమీ వద్దండీ" అనకండి. అలా అంటే అందరూ మూడు నెలల సైజు గౌనే తెస్తారు. మా చిన్నదానికి పదకొండు వచ్చాయి, నాలుగు తొడక్కుండానే పొట్టివైపోయాయి. "ఏడాది పిల్ల సైజువి తేండి" అని చెప్పండి. దగ్గరివాళ్లయితే డైపర్ల ప్యాకెట్ తెమ్మని చెప్పినా తప్పులేదు.

2. పడక

పాపాయి పడుకోవడానికి కావాల్సింది చదునుగా, గట్టిగా ఉన్న చోటు. అంతే. నేల మీద పరుపు, దాని మీద బిగుతుగా పరిచిన దుప్పటి, పైన దోమతెర. వెల్లకిలా పడుకోబెట్టాలి. చుట్టూ దిండ్లు, బొమ్మలు, మందపాటి దుప్పట్లు ఉండకూడదు. అవి ముక్కుకు అడ్డం పడితే తీసుకునే శక్తి ఆ వయసులో ఉండదు. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు కూడా ఈ లెక్కలోదే. తల ఒకవైపే చదునవుతోందని అనిపిస్తే, మెలకువగా ఉన్నప్పుడు మీరు పక్కనే కూర్చుని రోజుకు నాలుగైదుసార్లు కాసేపు బోర్లా పడుకోబెట్టండి. నిద్రలో మాత్రం వెల్లకిలాయే.

చెక్క తొట్టి కొనాలా? చోటూ డబ్బూ ఉంటే కొనుక్కోండి, లేకపోతే లోటు లేదు. కొంటే ఊచల మధ్య సందు ఆరు సెంటీమీటర్లు దాటకూడదు. చుట్టూ కట్టే మెత్తటి అంచులు తీసి పక్కన పడేయండి. అమెరికాలో ఆ అంచుల్నీ, తల వైపు ఎత్తుగా ఉండే వాలు పడకల్నీ 2022లో చట్టం చేసి నిషేధించారు. అక్కడుండే మనవాళ్లకు ఇక్కణ్ణుంచి ముచ్చటపడి కుట్టించి పంపే పెద్దవాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

ఇక చీర ఉయ్యాల. దీని గురించే ఎక్కువమంది అడుగుతారు కాబట్టి వివరంగా చెప్తాను. ఊపి నిద్రపుచ్చడానికి దాన్ని మించింది లేదు, ఖర్చూ లేదు. కట్టే తీరు ఇదీ:

- గట్టి నూలు చీరే తీసుకోండి. సిల్కు, సింథటిక్ చీరలకు ముడి జారుతుంది.
- కొక్కెం శ్లాబులో దిగినదై ఉండాలి. ఫాల్స్ సీలింగుకు తగిలించినది పనికిరాదు.
- అడుగు భాగం నేలకు జానెడు ఎత్తులోనే ఉండాలి, కింద బొంత పరవాలి.
- పైన రెండు పక్కల్నీ విడదీసే అడ్డకర్ర తప్పనిసరి. అది లేకపోతే బట్ట మొహం మీదకు మూసుకుంటుంది.
- పిల్లను వేసే ముందు పది కిలోల బియ్యం మూట వేసి పది నిమిషాలు ఊపండి. ముడి దగ్గర చెయ్యి పెట్టి చూడండి. జారినట్టుంటే విప్పి మళ్లీ కట్టండి.

వేశాక ఒంగి చూడండి. గడ్డం ఛాతీకి ఆనుకుని ఉంటే ఊపిరికి ఇబ్బంది. గడ్డం కింద మీ రెండు వేళ్లు పట్టాలి. నిద్ర పట్టగానే తీసి పరుపు మీద వెయ్యండి, రాత్రంతా ఉయ్యాల్లో వదలొద్దు. వాడనప్పుడు చీరను పైకి ముడేసి ఉంచండి. పెద్దపిల్లలు దాంతో ఆడుకుంటూ మెడకు చుట్టుకున్న సంఘటనలు పేపర్లలో చదువుతూనే ఉన్నాం. బోర్లా పడి బొబ్బట్లు వండిన రోజున ఉయ్యాల విప్పేయండి. పక్కకు తిరగ్గలిగిన పిల్ల అందులోంచి పడగలదు కూడా.

3. లంగోటీలా, డైపర్లా

రెండూ. పగలు ఇంట్లో గుడ్డ, రాత్రికీ ప్రయాణానికీ డైపర్. ఈ గొడవ ఇంతటితో వదిలేయచ్చు.

గుడ్డకు పాత నూలు చీర లేదా పంచెను మూరన్నర చదరంగా చింపుకోండి. అంచులు కుట్టించొద్దు, కుట్టు ఒరుసుకుని తొడల్లో ఎర్రబడుతుంది. ఐమూలగా మడిచి, బొడ్డు కిందకే వచ్చేలా కట్టండి. బొడ్డుతాడు ఊడేదాకా దాని మీద గుడ్డ గానీ, నూనె గానీ, పసుపు గానీ, పౌడరు గానీ పడకూడదు. పొడిగా వదిలేస్తే అదే ఎండి రాలుతుంది. మొలతాడులో గుడ్డ దోపే అలవాటుంటే, మొలతాడు కింద మీ చిటికెనవేలు సులువుగా దూరాలి. పిల్ల నెలనెలా లావవుతుంది, తాడు అవ్వదు.

ఉతికేటప్పుడు సబ్బు పూర్తిగా పోయేదాకా రెండు నీళ్లు ఎక్కువ పెట్టండి, ఎండలో ఆరెయ్యండి. వాసనకోసం కలిపే ద్రవాలు వద్దు. ముసురులో ఆరకపోతే ఇస్త్రీపెట్టె ఉంది.

డైపర్లలో అందరూ చేసే పొరపాటు ఆఫర్ చూసి ఒకే సైజువి నెలకు సరిపడా కొనేయడం. సైజు వయసును బట్టి కాదు, బరువును బట్టి. పుట్టిన బరువు అయిదారు నెలలకు రెట్టింపు, ఏడాదికి మూడింతలు అవుతుంది. అంటే ఏడాదిలో మూడు నాలుగు సైజులు మారతాయి. సైజు సరిగ్గా ఉందో లేదో ఇలా చూడండి: నడుము దగ్గర రెండు వేళ్లు పట్టాలి, విప్పినప్పుడు తొడల మీద ఎర్రటి గీత ఉండకూడదు, వీపు వైపు నుంచి కారకూడదు. గీత పడినా, మాటిమాటికీ కారుతున్నా పై సైజుకు మారండి. నిండినా నిండకపోయినా మూడు నాలుగు గంటలకోసారి మార్చాలి, దొడ్డికి వెళితే వెంటనే. ఆడపిల్లకు ఎప్పుడూ ముందు నుంచి వెనక్కే తుడవండి. తడి తుడుపు కాగితాలు ప్రయాణానికి చాలు. ఇంట్లో దూది, గోరువెచ్చటి నీళ్లు వాటికన్నా మేలు.

ఎర్రబడితే గుడ్డ తీసేసి గంటసేపు గాలి తగలనివ్వండి, జింక్ ఆక్సైడ్ క్రీము పలచగా రాయండి. రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే ఫంగస్ అయి ఉండొచ్చు, డాక్టరుకు చూపించాలి. పౌడరు మాత్రం వద్దు. మడతల్లో ముద్దకడుతుంది, పైగా దులిపినప్పుడల్లా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

4. పాలు

తల్లిపాలు సరిగ్గా పడుతుంటే ఆరు నెలల దాకా కొనాల్సింది ఏమీ లేదు. నీళ్లు కూడా అక్కర్లేదు, మే నెల ఎండల్లో అయినా సరే. పాలిచ్చే దిండు అని అమ్మేదాని బదులు మామూలు దిండు ఒళ్లో పెట్టుకోండి.

పాలు చాలుతున్నాయా అన్నది అందరికీ ఉండే భయం. దాన్ని కొలవడానికి యంత్రం లేదు, లంగోటీ గుడ్డలే ఉన్నాయి. మొదటి వారం దాటాక రోజుకు ఆరు గుడ్డలు తడుస్తుంటే చాలుతున్నట్టే. అందుకే మొదటి నెల వీలైనంతవరకు గుడ్డలే కట్టమంటాను, డైపరు కడితే లెక్క తెలియదు. రెండో కొలత బరువు. అంగన్‌వాడీలో ఉచితంగా తూస్తారు. తల్లీబిడ్డల రక్షణ కార్డులో వాళ్లు పెట్టే చుక్కల్ని కలిపే గీత పైకి పోతోందా లేదా అన్నదే చూసుకోండి, పక్కింటి పిల్లతో పోల్చుకోకండి. ఇంటికి తూకం యంత్రం కొంటే రోజూ తూచి రోజూ దిగులుపడటమే మిగులుతుంది.

పాలు పిండి పట్టాల్సి వస్తే సీసాకన్నా ఉగ్గుగిన్నె మంచిది. గిన్నె లోపల మూలలు లేవు కాబట్టి శుభ్రం చేయడం సులువు. పిల్లను సగం కూర్చున్నట్టు పట్టుకుని, గిన్నె ముక్కును కింది పెదవి మూలన ఆనించండి. మీరు పొయ్యకండి, పెదవి తడిసేంత వంచి ఆగండి. నాలుక చాచి అదే లాక్కుంటుంది. మింగాక మళ్లీ వంచండి. పడుకోబెట్టి గొంతులో పొయ్యడం మాత్రం ప్రమాదం. మా నాయనమ్మ చేతిలో వెండి గిన్నె ఎలా కదిలేదంటే, పోస్తోందో లేదో తెలిసేది కాదు, గిన్నె మాత్రం ఖాళీ అయ్యేది.

పంపు ఉద్యోగానికి వెళ్లేవాళ్లకే. ప్రసూతి సెలవుల చట్టానికి 2017లో చేసిన సవరణ తరవాత మొదటి ఇద్దరు పిల్లల కాన్పులకు చట్ట ప్రకారం 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది, కాబట్టి అయిదో నెలలో ఆలోచించినా చాలు. చేత్తో నొక్కేది చాలామందికి సరిపోతుంది. పిండిన పాలు ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలవుంటాయి. బయట 25 డిగ్రీల్లోపు గదిలో నాలుగు గంటలు ఉంటాయంటారు గానీ, మన ఎండాకాలంలో ఆ గది ఎక్కడుంది? పిండగానే ఫ్రిజ్‌లో పెట్టండి. వెచ్చబెట్టడానికి వేడినీళ్ల గిన్నెలో నిలబెడితే చాలు. మైక్రోవేవ్ వద్దు, ఒకచోట చల్లగా ఒకచోట నోరు కాలేంత వేడిగా అవుతుంది.

డాక్టరు చెప్పి డబ్బాపాలు పట్టాల్సి వస్తే అపరాధం ఏమీ లేదు. ముందు కాచిన నీళ్లు కొలవండి, తరవాత ఆ డబ్బాలోని చెంచాతోనే పొడి. డబ్బా త్వరగా అయిపోతోందని నీళ్లు ఎక్కువ పోస్తే పిల్ల బరువు ఆగిపోతుంది, ఇది చాలా ఇళ్లలో జరిగే తప్పు. సీసాలు రెండు మూడు చాలు. స్టెరిలైజరు బదులు పెద్ద గిన్నెలో సీసా మునిగేలా నీళ్లు పోసి పది నిమిషాలు మరిగించండి. డబ్బాపాలకూ పాలసీసాలకూ ప్రకటనలివ్వడం, ఉచితంగా పంచడం 1992 చట్టం ప్రకారం నిషేధం. ఎవరైనా ఊరికే డబ్బా చేతిలో పెడితే అది మీ బిడ్డ మీద ప్రేమతో కాదని తెలుసుకోండి.

5. లాలపొయ్యడం

పీట మీద కూర్చుని కాళ్లు చాపి, కాళ్ల మీద వేసుకుని పోసేవాళ్లు ఇంట్లో ఉంటే టబ్బు అక్కర్లేదు. లేకపోతే మామూలు ప్లాస్టిక్ టబ్బులో అడుగున తువ్వాలు పరిచి పొయ్యండి, జారదు. నీళ్ల వేడి అరచేత్తో కాదు, మోచేత్తో చూడాలి. అరచెయ్యి కాఫీ గిన్నెలు పట్టి మొద్దుబారి ఉంటుంది. ముందు చన్నీళ్లు పోసి తరవాత వేణ్నీళ్లు కలపండి. ఫోను మోగినా, కాలింగ్ బెల్ మోగినా పిల్లను నీళ్లలో వదిలి లేవకండి, రెండంగుళాల నీళ్లు కూడా ప్రాణం తీస్తాయి.

నూనె రాయండి, తప్పులేదు. సున్నిపిండి ఆర్నెల్ల తరవాత చూద్దురుగాని, గరుకు పిండి ఆ చర్మానికి పడదు. ముక్కులో చెవిలో నూనె చుక్కలు వద్దు. సాంబ్రాణి పొగ మీద ఇంట్లో పెద్దవాళ్లతో పోట్లాట తప్పదు. నేను చేసిన రాజీ ఏంటంటే, పొగ ఖాళీ గదిలో వేసి, అది చల్లారి తేరుకున్నాక పిల్లను తీసుకెళ్లడం. కాటుక కళ్లలో వద్దు, కొన్నిటిలో సీసం ఉంటుంది. దిష్టిచుక్కే కావాలంటే అరికాలికి పెట్టండి, చెయ్యి నోట్లోకి పోదు.

6. మందుల డబ్బా

థర్మామీటరు చంకలో పెట్టి చెయ్యి దగ్గరగా పట్టుకోండి, కూత వచ్చేదాకా తియ్యకండి. చంకలో 99.5 డిగ్రీలు దాటితే జ్వరం కింద లెక్క. మూడు నెలల్లోపు పిల్లకు 100.4 వస్తే అర్ధరాత్రయినా ఆసుపత్రికే, ఇంట్లో మందు వెయ్యొద్దు.

ఇక్కడ ఒక పొరపాటు గురించి గట్టిగా చెప్పాలి. పారాసెటమాల్ చుక్కలమందు వేరు, సిరప్ వేరు. చుక్కలమందు మామూలుగా ఒక మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్ అయిదు మిల్లీలీటర్లలో 120 లేదా 125, కొన్నిట్లో 250. చుక్కలమందును సిరప్ కొలతతో అయిదు మిల్లీలీటర్లు పోస్తే నాలుగింతల మోతాదు పడిపోతుంది. డాక్టరు చెప్పిన కొలతనూ, ఆ రోజు బరువునూ, తేదీనీ స్కెచ్ పెన్నుతో సీసా మీదే రాయండి. రెండు నెలలయ్యాక ఆ కొలత పనికిరాదు, మళ్లీ అడగాలి.

దీనితోపాటు ముక్కులో వేసే ఉప్పునీటి చుక్కలు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. కొంచెం పొడి కొంచెం నీళ్లలో కలిపితే ఉప్పు పాళ్లు తప్పుతాయి. ఆర్నెల్లలోపు పిల్లకు విరేచనాలైతే పాలు ఆపకుండా ఇస్తూ డాక్టరు దగ్గరకు వెళ్లండి.

గ్రైప్ వాటర్, పళ్ల చిగుళ్లకు రాసే జెల్ కొనొద్దు. తేనె ఏడాది నిండేదాకా వద్దు, బారసాల రోజు నాలుక మీద చుక్కయినా సరే. దానిలో ఉండగల బీజాలు పసిపేగుల్లో విషం తయారుచేస్తాయి.

7. ప్రయాణం

డబ్బు పెట్టాల్సిన చోటు ఇదే. కారుంటే కారు సీటు ఉండాలి. ఒళ్లో గట్టిగా పట్టుకుంటాలే అనుకుంటాం గానీ, సడన్ బ్రేకు పడితే ఆ బరువును ఏ తల్లి చేతులూ ఆపలేవు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తరవాత పిల్లల్ని బెల్టు లేదా పిల్లల సీటు లేకుండా తీసుకెళితే వెయ్యి రూపాయల జరిమానా కూడా ఉంది. సీటు మీద భద్రతా ప్రమాణాల ముద్రలైన ఏఐఎస్-072 (మన దేశానిది), ఇసిఇ ఆర్44/04, ఆర్129 (అంతర్జాతీయమైనవి) వీటిలో ఒకటి ఉందేమో చూడండి.

బిగించడం ఇలా:

- వెనక సీట్లో, పిల్ల మొహం కారు వెనక వైపుకు ఉండేలా పెట్టండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీటులో ఎప్పుడూ వద్దు.
- కారు బెల్టును సీటుతో వచ్చిన పుస్తకంలో చూపిన దారిలోనే దూర్చి, సీటు మీద మోకాలు వేసి నొక్కుతూ బిగించండి.
- బెల్టు దూరిన చోట పట్టుకుని ఊపండి. అంగుళం కన్నా ఎక్కువ కదిలితే మళ్లీ బిగించాలి.
- పిల్ల పట్టీని భుజం దగ్గర వేళ్లతో గిల్లి చూడండి. మడత చిక్కితే వదులుగా ఉన్నట్టే.

మందపాటి స్వెట్టరు మీద పట్టీ పెట్టొద్దు, పట్టీ పెట్టాక పైన దుప్పటి కప్పండి. ఇల్లు చేరాక సీట్లోనే నిద్రపోనివ్వకుండా తీసి పడుకోబెట్టండి. ఎవరైనా పాతది ఇస్తే అది ప్రమాదంలో పడిందో లేదో, దాని గడువు తేదీ ఎప్పుడో తెలిస్తేనే తీసుకోండి.

బండి మీద మెడ నిలవని పిల్లను అసలు తిప్పొద్దు. 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం నాలుగేళ్లలోపు పిల్లకు నడిపేవాళ్లకు కట్టే భద్రతా పట్టీ, తొమ్మిది నెలలు దాటితే హెల్మెట్ ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. ఇవేవీ లేకుండా బండెక్కించే కన్నా ఆటో నయం.

తోపుడు బండి కొనే ముందు మీ ఇంటి గేటు దగ్గర నిలబడి వీధిని చూడండి. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మరు, ఇడ్లీబండి, తవ్విన గొయ్యి ఉంటే దాన్ని ఎత్తుకుని తిరగాల్సింది మీరే. పార్కు ఉన్న గేటెడ్ కాలనీవాళ్లకు ఉపయోగం ఉంటుంది. మిగతావాళ్లకు ఒంటికి కట్టుకునే క్యారియర్ మేలు. అందులో పిల్ల మొహం మీకు కనబడుతూ ఉండాలి, వంగితే నుదుట ముద్దుపెట్టేంత ఎత్తులో ఉండాలి, మోకాళ్లు పిరుదులకన్నా పైకి ఉండాలి.

8. అన్నప్రాసన తరవాత

ఆర్నెల్లు నిండాక కావాల్సినవి: చిన్న స్టీలు గిన్నె, మొన లేని చెంచా, మెడకు కట్టే గుడ్డలు నాలుగు, చిన్న గ్లాసు. ఉగ్గు చేసే యంత్రాలు దండగ. మెత్తగా వండిన అన్నం పప్పు వేళ్లతో మెదిపి నెయ్యి వేస్తే సరిపోతుంది. మిక్సీలో పేస్టు చేస్తే నమలడం ఆలస్యంగా వస్తుంది. చెంచా వంచితే జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. నీళ్ల జావ కడుపు నింపుతుంది, బలం ఇవ్వదు. ఉప్పు, పంచదార ఏడాదిదాకా వద్దు. ఎత్తు కుర్చీ తప్పనిసరి కాదు, కొంటే పట్టీ ఉన్నదే కొనండి. ఫోనులో పాటలు పెట్టి తినిపించడం మాత్రం మొదలుపెట్టకండి. మొదలుపెట్టి నేను పడ్డ పాట్లు ఇంకో రోజు రాస్తాను.

9. ఆటవస్తువులు, నడక

రెండు గిలక్కాయలు, ఒక గుడ్డ బంతి, ఇంట్లో గరిటెలు, మూతలు. తొమ్మిదో నెలలో మా ఇద్దరు పిల్లలకీ అన్నిటికన్నా ఇష్టమైన ఆట, డబ్బాలోంచి గరిటెలు తీసి మళ్లీ వెయ్యడం.

బొమ్మ కొంటే ఐఎస్ఐ ముద్ర చూడండి, 2021 జనవరి నుంచి తప్పనిసరి. కొయ్య బొమ్మలంటే ఇష్టముంటే లక్కపూతతో, సహజరంగులతో చేసే ఏటికొప్పాక గిలక్కాయలు బాగుంటాయి, అతికించిన చిన్న ముక్కలు లేనివి ఏరుకోండి. కొండపల్లి బొమ్మలు అలమరలోకే, నోట్లోకి కాదు. చూపుడువేలు, బొటనవేలు కలిపి సున్నా చుట్టండి. అందులోంచి దూరే ఏ వస్తువైనా పిల్లకు అందకూడదు. కాలి పట్టీల మువ్వల్ని వారానికోసారి లాగి చూడండి. పాటలు పాడే బొమ్మల్లో గుండీ బ్యాటరీ ఉంటుంది, మూతకు స్క్రూ లేకపోతే కొనొద్దు. మింగితే రెండు గంటల్లో అన్నవాహిక కాలిపోవచ్చు, అనుమానం వచ్చినా ఆసుపత్రికి పరిగెత్తాలి.

చక్రాల వాకరు మీద నా మాట ఒక్కటే: వద్దు. నడక త్వరగా రాదు సరికదా, మెట్ల దగ్గరకూ పొయ్యి దగ్గరకూ క్షణంలో దూసుకుపోతుంది. కెనడాలో 2004 నుంచి అమ్మకమే నిషేధం. బహుమతిగా వస్తే చక్రాలు తీసేసి కూర్చునే కుర్చీలా వాడారు మా మరిదిగారు, అది నచ్చింది నాకు. మూడు చక్రాల చెక్క నడకబండి వేరు, కానీ అదీ తనంతట తాను లేచి నిలబడ్డాకే, అదీ చాప మీదే. టైల్స్ మీద జారిపోతుంది.

బూట్లు అరిసెలు పంచాక కొనండి, అదీ వీధిలోకి నడిపించడానికే. ఇంట్లో ఒట్టికాళ్లే. కొనేటప్పుడు సాయంత్రం వెళ్లండి, నిలబెట్టి చూడండి, బొటనవేలి ముందు మీ వేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. మడమ వైపు నొక్కితే గట్టిగా, ముందు వైపు వంచితే మెత్తగా ఉండాలి. అడుగేస్తే కీచుమనే బూట్లు కొనాలా వద్దా అన్నది మీ పక్కింటివాళ్ల ఓపికను బట్టి.

10. నెలనెలా సరిచూసుకోవడం

బారసాల అయిన నాటి నుంచి నెలకోసారి ఒక అట్టపెట్టె ముందు పెట్టుకుని కూర్చోండి. ముప్పై రోజులుగా ముట్టుకోనివన్నీ అందులో వెయ్యండి. రెండో నెల కూడా ఎవరూ వెతక్కపోతే ఆ పెట్టెను ఏడో నెల నడుస్తున్న ఇంకో అమ్మాయికి పంపించేయండి. పొట్టివైన బట్టల మీద ఎన్నో నెల దాకా పట్టిందో చిన్న చీటీ కుట్టి పంపితే, ఆ అమ్మాయి మళ్లీ మీకు "అక్కా, లిస్టు" అని మెసేజ్ పెట్టదు.